జమ అయిన సొమ్ము ఏయే బిల్లులది? మొత్తానికి సరిపోయే కాంబినేషన్లు వెతికే ప్రోగ్రాం, అడుగు తరువాత అడుగు

ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు రొయ్యల మేత దుకాణాల్లో లెక్క రాసేవాళ్ళకు ఈ తలనొప్పి బాగా తెలుసు. గుంటలో రొయ్య పిల్ల వేసినప్పటి నుంచి పట్టుబడి దాకా రైతుకు మేత అప్పు మీదే పోతుంది. బిల్లు మీద బిల్లు పడుతుంది. పట్టుబడి అయ్యాక ఒకరోజు బ్యాంకులో 1,01,250 రూపాయలు ఒకే మొత్తంగా జమ అవుతాయి. ఏ బిల్లులకు కట్టారో ఎక్కడా ఉండదు. ఫోన్ చేస్తే ‘మీరే చూసుకోండన్నా’ అంటారు.

చీమకుర్తిలో గ్రానైట్ పలకల బిల్లులైనా, నెల్లూరు రైస్ మిల్లులో బస్తాల లెక్కయినా ప్రశ్న ఒకటే: ఈ జాబితాలో ఏవేవి కలిపితే ఆ అంకె వస్తుంది? దీనికి ప్రోగ్రాం ఎలా రాయాలని అడిగేవాళ్ళు చాలామంది. వెతికే ముక్క పది పదిహేను లైన్లకు మించదు. తప్పులన్నీ దానికి ముందూ వెనకా జరుగుతాయి: అంకెలు సరిగ్గా ఎక్కించకపోవడం, వచ్చిన మొదటి జవాబునే నమ్మేయడం. అందుకే ఆ రెండు చోట్లా ఎక్కువసేపు ఆగుదాం.

కింద ఇచ్చిన అడుగులు తెలుగులోనే ఉన్నాయి. పైథాన్, జావా, జావాస్క్రిప్ట్, ఏ భాషలోనైనా లైనుకు లైను రాసుకోవచ్చు.

1. ప్రశ్న ఏ రకమో ముందు తేల్చుకోండి

కోడ్ మొదలుపెట్టే ముందు ఈ నాలుగింటికీ జవాబు కాగితం మీద రాసుకోండి. ఒక్కటి మారినా ప్రోగ్రాం మారుతుంది.

- ఒక అంకెను ఒక్కసారే వాడాలా, ఎన్నిసార్లయినా వాడొచ్చా? బిల్లు ఒక్కసారే. బస్తా సైజు ఎన్నిసార్లయినా.
- ఒక జవాబు చాలా, అన్నీ కావాలా, ఎన్ని ఉన్నాయన్న లెక్క చాలా?
- అంకె పైసాతో సహా కలవాలా, కొంచెం అటూ ఇటూ ఒప్పుకుంటారా?
- మైనస్ అంకెలు ఉన్నాయా? మేత బస్తాలు వెనక్కి ఇచ్చిన వాపసు చీటీలు మైనస్సే.

బిల్లుల పనిలో జవాబులు సాధారణంగా ఇవి: ఒక్కసారే, అన్నీ కావాలి, పైసాతో కలవాలి, మైనస్సులు ఉండొచ్చు.

2. అంకెలు శుభ్రం చేయడం

ట్యాలీ నుంచో ఎక్సెల్ నుంచో తెచ్చిన జాబితా చూడటానికి అంకెల్లాగే ఉంటుంది. ప్రోగ్రాంకు మాత్రం అది చాలాసార్లు అక్షరాల దండ. ఈ వరసలో శుభ్రం చేయండి.

మొదట కామాలు, రూపాయి గుర్తు, ముందూ వెనకా ఖాళీలు తీసెయ్యండి. బ్రాకెట్లలో ఉన్న అంకె మైనస్ కావచ్చు. అంకె పక్కన డెబిట్, క్రెడిట్ గుర్తు ఉంటే దాన్నిబట్టి ప్లస్సో మైనస్సో నిర్ణయించాకే ఆ గుర్తు తీయండి. ముందే తీసేస్తే వాపసు చీటీ కూడా బిల్లయి కూర్చుంటుంది.

తరువాత అన్నిటినీ పైసల్లోకి, పూర్ణ సంఖ్యలుగా మార్చండి. ఇది తప్పనిసరి. కంప్యూటర్ దశాంశాలను 0, 1 అనే రెండే అంకెల (బైనరీ) పద్ధతిలో దాస్తుంది కాబట్టి 0.1, 0.2 కలిపితే 0.3 రాదు, 0.30000000000000004 వస్తుంది. అలాంటి అంకెల్ని ‘సమానమా’ అని అడిగితే, సరైన జవాబు కళ్ళముందే ఉన్నా ప్రోగ్రాం కాదంటుంది.

పైసల్లోకి మార్చడంలోనే రెండు గుంటలున్నాయి.

- 1.15ను 100తో హెచ్చిస్తే 114.99999999999999 వస్తుంది. దశాంశం కోసేస్తే 114 మిగులుతుంది, ఒక పైసా మాయం. కోయకుండా దగ్గరి పూర్ణ సంఖ్యకు సవరించండి. పైథాన్‌లో అయితే డెసిమల్ మాడ్యూల్ వాడటం ఇంకా మేలు.
- చుక్క దగ్గర విడగొట్టే పద్ధతి వాడితే 1250.5ను 1250 రూపాయల 5 పైసలు అనుకునే ప్రమాదం ఉంది. అది 50 పైసలు. చుక్క తరువాత ఒక్క అంకే ఉంటే పక్కన సున్నా చేర్చాలి.

చివరగా సున్నా విలువ ఉన్న బిల్లులు తీసెయ్యండి. ఒకే విలువ ఉన్న రెండు బిల్లుల్ని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ఒకటి చేయకండి. ‘డూప్లికేట్లు తీసేద్దాం’ అని జాబితాను సెట్‌లో (ఒక విలువను ఒక్కసారే ఉంచుకునే జాబితాలో) వేస్తే నిజమైన బిల్లు ఒకటి గల్లంతవుతుంది.

శుభ్రం చేశాక చూసుకోవాల్సినవి:

- ప్రతి అంకెతో పాటు బిల్లు నంబరు, తేదీ ఉన్నాయా?
- మొత్తం కూడితే లెడ్జర్‌లో ఉన్న బాకీ వస్తోందా? రాకపోతే ఇక్కడే ఆగండి.
- జమ అయిన తేదీ తరువాత వేసిన బిల్లుల్ని తీశారా?

ఆఖరిది చిన్నగా కనిపిస్తుంది గానీ, పనిలో సగం అదే తేలుస్తుంది.

3. వెతకక్కర్లేని సందర్భాలు

ప్రోగ్రాం ముందు ఈ మూడింటిని వరసగా చూడాలి. మూడూ కలిపి రెప్పపాటు పని.

1. జమ ఏదో ఒక్క బిల్లుకు సమానమా?
2. మొత్తం బాకీకి సమానమా?
3. పాత బిల్లు నుంచి వరసగా కూడుకుంటూ వస్తే ఎక్కడైనా ఆ అంకె తగులుతుందా?

ఒకటి తగిలితే అదే జవాబు. రైతయినా వ్యాపారయినా మామూలుగా కట్టే తీరు ఈ మూడే.

ఇంకో మాట. జమ అయింది 50,000 గానీ 1,00,000 గానీ అయి, బిల్లులు అలాంటి గుండు అంకెలు కాకపోతే వెతకనే వద్దు. అది బాకీలో కొంత తగ్గించడానికి కట్టిన సొమ్ము. పాత బిల్లు నుంచి జమకట్టుకుంటూ రండి. ప్రోగ్రాంను వెతకమంటే అది ఏదో ఒక కాంబినేషన్ చూపిస్తుంది, దానికి అర్థం ఉండదు.

4. వెతకబోయే ముందు ఒక భాగహారం

ఈ అడుగు దాదాపు అందరూ వదిలేస్తారు. నా దృష్టిలో మొత్తం పనిలో ముఖ్యమైనది ఇదే.

ప్రతి బిల్లునూ తీసుకోవచ్చు, వదిలెయ్యొచ్చు. 8 బిల్లులుంటే 256 కాంబినేషన్లు. 20 ఉంటే 10,48,576. 30 ఉంటే 107,37,41,824, అంటే 107 కోట్ల పైమాట.

ఇప్పుడు అటువైపు చూడండి. 30 బిల్లుల మొత్తం 6 లక్షలనుకుందాం, అన్నీ పైసల్లేని రూపాయలే. అప్పుడు రాగల మొత్తాలు 0 నుంచి 6,00,000 దాకా మాత్రమే. 107 కోట్ల కాంబినేషన్లు ఆ 6 లక్షల గూళ్ళలో సర్దుకోవాలి. సగటున ఒక్కో గూటిలో 1,790 దాకా పడతాయి, నడిమి అంకెల్లో ఇంకా ఎక్కువ. అంటే మీ జమకు సరిపోయే జవాబులు వెయ్యికి పైన వస్తాయి. వాటిలో నిజమైనది ఒక్కటే.

కాబట్టి ముందు ఇది లెక్కించండి:

- అన్ని బిల్లులనూ శేషం లేకుండా భాగించే పెద్ద అంకె (గసాభా) కనుక్కోండి.
- బిల్లుల మొత్తాన్ని దానితో భాగించండి. అది గూళ్ళ సంఖ్య.
- కాంబినేషన్ల సంఖ్యను గూళ్ళ సంఖ్యతో భాగించండి.

వచ్చింది 0.1 కంటే తక్కువైతే, దొరికిన జవాబు కాకతాళీయం కాకపోవచ్చని ధైర్యంగా ఉండొచ్చు. 1 దాటితే జవాబును నమ్మే ముందు తేదీలు, బిల్లు నంబర్లు వంటి వేరే ఆధారం చూడాలి. 100 దాటితే వెతకడం మానేసి జాబితా తగ్గించే దారి చూడండి. రూపాయల్లో ఉన్న బిల్లులకు 1 దాటే హద్దు 18, 20 బిల్లుల దగ్గర వస్తుంది.

బిల్లుల్లో నిజంగా పైసలుంటే వాటిని రూపాయికి సవరించకండి. పైసలు ఉంచితే గూళ్ళు వంద రెట్లు పెరిగి, కాకతాళీయంగా కుదిరే ఉత్త పోలికలు వందో వంతుకు పడిపోతాయి.

గసాభాతో ఇంకో లాభం ఉంది. జమ ఆ అంకెతో భాగించబడకపోతే వెతకకుండానే ‘లేదు’ అని చెప్పొచ్చు.

5. వెతికే అడుగులు

బిల్లుల్ని పెద్దవి ముందు వచ్చేలా పేర్చండి. తరువాత ప్రతి స్థానానికీ ‘అక్కడి నుంచి చివరిదాకా మొత్తం ఎంత’ అన్న పట్టీ ఒకటి తయారుచేసుకోండి. చివరి నుంచి వెనక్కి కూడుకుంటూ వస్తే ఒక్క చుట్టులో అయిపోతుంది.

వెతుకు (స్థానం, కావాల్సింది, ఎంచినవి):
– కావాల్సింది 0 అయితే: ఎంచినవాటి నకలు జవాబుల్లో చేర్చు, వెనక్కి వెళ్ళు
– స్థానం జాబితా దాటితే: వెనక్కి వెళ్ళు
– మిగిలిన మొత్తం [స్థానం] కావాల్సినదానికంటే తక్కువైతే: వెనక్కి వెళ్ళు
– బిల్లు [స్థానం] కావాల్సినదానికంటే పెద్దది కాకపోతే:
– – బిల్లును ఎంచినవాటిలో చేర్చు
– – వెతుకు (స్థానం + 1, కావాల్సింది − బిల్లు, ఎంచినవి)
– – చివర చేర్చినది తీసెయ్
– వెతుకు (స్థానం + 1, కావాల్సింది, ఎంచినవి)

మొదటి లైనులో ‘నకలు’ అన్న మాట దగ్గర ఆగండి. పైథాన్‌లో, జావాస్క్రిప్ట్‌లో జాబితాను అలాగే చేర్చితే జాబితా కాకుండా దానికి దారి మాత్రమే చేరుతుంది. తరువాత ‘తీసెయ్’ నడిచినప్పుడు జవాబుల్లో ఉన్నదీ ఖాళీ అవుతుంది. ప్రోగ్రాం 3 జవాబులు దొరికాయని చెప్పి, మూడు ఖాళీ జాబితాలు చూపిస్తే కారణం ఇదే.

పిలవకముందే జమ 0 కంటే ఎక్కువని చూసుకోండి. 0తో పిలిస్తే ‘ఏ బిల్లూ వద్దు’ అన్న ఖాళీ జవాబు వస్తుంది.

6. చేత్తో ఒకసారి నడిపి చూడండి

తేదీ వరసలో ఎనిమిది బిల్లులు తీసుకుందాం.

- 1వ బిల్లు: 42,600
- 2వ బిల్లు: 18,750
- 3వ బిల్లు: 31,200
- 4వ బిల్లు: 27,450
- 5వ బిల్లు: 9,900
- 6వ బిల్లు: 18,750
- 7వ బిల్లు: 55,300
- 8వ బిల్లు: 17,300

జమ 1,01,250. పాతవాటి నుంచి కూడితే 42,600, 61,350, 92,550, 1,20,000. తగల్లేదు. వెతకాల్సిందే.

పెద్దవి ముందుగా పేరిస్తే 55,300, 42,600, 31,200, 27,450, 18,750, 18,750, 17,300, 9,900. మిగిలిన మొత్తాల పట్టీ అదే వరసలో: 2,21,250, 1,65,950, 1,23,350, 92,150, 64,700, 45,950, 27,200, 9,900.

55,300 తీసుకున్నాం. ఇంకా 45,950 కావాలి. దాని మీద 42,600 తీసుకుంటే 3,350 కావాలి, అన్నిటికంటే చిన్న బిల్లే 9,900. ఆ కొమ్మ ఎండిపోయింది. 31,200 తీసుకుంటే 14,750 కావాలి, 9,900 ఒక్కటే పడుతుంది, చాలదు. 27,450 తీసుకుంటే 18,500 కావాలి. 18,750 కొద్దిలో పెద్దదైపోయింది, మిగిలిన రెండిట్లో ఏదీ ఒంటరిగా సరిపోదు, కలిస్తే ఎక్కువ.

ఆ మూడూ వదిలి మొదటి 18,750 తీసుకుంటే 27,200 కావాలి. రెండో 18,750 తీసుకుంటే 8,450 కావాలి, కుదరదు. దాన్ని వదిలితే మిగిలిన మొత్తం సరిగ్గా 27,200. కాబట్టి 17,300, 9,900 రెండూ పడతాయి. ఒక జవాబు దొరికింది.

ఇప్పుడు మొదటి 18,750ని వదిలి చూడండి. కావాల్సింది 45,950, మిగిలిన మొత్తం కూడా 45,950. అంటే రెండో 18,750తో అదే జవాబు మళ్ళీ వస్తుంది.

55,300ను పక్కన పెడితే 42,600, 31,200, 27,450 కలిసి 1,01,250. ఇది మూడోది. 42,600 కూడా వదిలి, తరువాత 31,200 కూడా వదిలితే మిగిలిన మొత్తం 92,150. కావాల్సింది 1,01,250. పట్టీ అక్కడే ఆపేస్తుంది, ఆ కింద ఉన్న కొమ్మల్లోకి పోనక్కర్లేదు. పట్టీ కోసం పడ్డ శ్రమకు ఫలితం ఇలాంటి చోట్ల కనిపిస్తుంది.

మీ ప్రోగ్రాంకు ఈ ఎనిమిది అంకెలిచ్చి మూడు జవాబులు వస్తున్నాయో లేదో చూడండి. రెండే వస్తే 18,750 ఒకటి ఎక్కడో పోయింది.

7. ఒకే విలువ ఉన్న బిల్లులు

పై మూడింటిలో రెండు అంకెల్లో ఒకటే, బిల్లు నంబర్లలోనే తేడా. 25 కిలోల మేత బస్తాలు ప్రతిసారీ అన్నే తీసుకునే రైతు ఖాతాలో ఇలాంటివి కుప్పలుగా వస్తాయి. అన్నీ చూపిస్తే చదివేవాళ్ళకు పిచ్చెక్కుతుంది.

విరుగుడు: ‘వదిలే’ దారిలో, అంటే చివరి లైనులో, స్థానం + 1కి కాకుండా వేరే విలువ మొదలయ్యే స్థానానికి దూకండి. ఒక 18,750ని వదిలామంటే దాని వెనకున్న 18,750లను కూడా వదిలినట్టే. అప్పుడు రెండే జవాబులు వస్తాయి. చూపించేటప్పుడు ‘18,750 (2 లేదా 6)’ అని రాయండి. ఏ నంబరన్నది పాతదాన్నిబట్టి తరువాత తేల్చవచ్చు.

ఈ దూకుడును ‘తీసుకునే’ దారిలో పెడితే తప్పు. రెండు 18,750లూ కావాల్సిన జవాబులు ఎప్పటికీ దొరకవు.

8. వాపసులు, చిల్లర తేడాలు

మైనస్ అంకె ఒక్కటి చేరినా 5వ అడుగులోని ప్రోగ్రాం చడీచప్పుడు లేకుండా తప్పు చెబుతుంది. కారణం సులువు: ‘బిల్లు పెద్దదైంది, వద్దు’ అని కొట్టేసిన చోట, ముందున్న వాపసు దాన్ని మళ్ళీ దించి ఉండేది.

మార్పులు మూడు.

- మిగిలినవాటిలో ప్లస్సుల మొత్తం ఒక పట్టీ, మైనస్సుల మొత్తం ఇంకో పట్టీ. కావాల్సింది మొదటిదానికంటే ఎక్కువైనా, రెండోదానికంటే తక్కువైనా వెనక్కి.
- ‘బిల్లు కావాల్సినదానికంటే పెద్దది కాకపోతే’ అన్న షరతు తీసెయ్యాలి.
- కావాల్సింది 0 అయిందా అని దారి మధ్యలో చూడకూడదు. జాబితా చివరికి చేరాకే చూడాలి. మధ్యలో 0 అయినా, వెనకాల ఒక బిల్లూ దానికి సమానమైన వాపసూ కలిసి ఇంకో జవాబు ఇవ్వొచ్చు. మధ్యలో రాసుకుని ముందుకు కూడా పోతే ఒకే జవాబు పదిసార్లు నమోదవుతుంది.

ఇంకా సులువైన దారి కూడా ఉంది. వాపసు ఏ బిల్లుదో తెలిస్తే ముందే ఆ బిల్లులోంచి తీసేసి, నికర అంకెనే జాబితాలో పెట్టండి. వీలైనప్పుడల్లా ఇదే చేయండి.

బ్యాంకు చార్జీల వల్లో, కొన్నవాళ్ళు పట్టుకున్న టీడీఎస్ (కట్టేటప్పుడే కోసే పన్ను) వల్లో తేడా వస్తే ‘ఇంతవరకు ఒప్పుకుంటాం’ అన్న హద్దు పెట్టాలి. చూడటం మళ్ళీ జాబితా చివర్లోనే: మిగిలింది హద్దు లోపల ఉంటే జవాబు. కొట్టేసే షరతుల్లో కూడా ఆ హద్దు కలపడం మరవకండి. అయితే 10 రూపాయలు అటూ ఇటూ ఒప్పుకుంటే ఒక్క అంకె బదులు 21 అంకెలకు వెతికినట్టు. ఉత్త పోలికలూ 21 రెట్లు. కాబట్టి ముందు 0 హద్దుతో నడపండి. ఏమీ రాకపోతేనే పెంచండి. టీడీఎస్ శాతం తెలిసి ఉంటే హద్దు పెట్టే బదులు ప్రతి బిల్లులోంచి ఆ శాతం తీసేసి వెతకడం కచ్చితం.

9. ఎన్నిసార్లయినా వాడొచ్చంటే: బస్తాల లెక్క

2022 జూలై 18 నుంచి 25 కిలోల దాకా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ వచ్చాక 26 కిలోల బస్తా మామూలైపోయింది. 26 కిలోల బస్తాలు, 10 కిలోల సంచులతో సరిగ్గా 500 కిలోలు ఎన్ని రకాలుగా సర్దవచ్చు?

అన్ని జవాబులూ కావాలంటే 5వ అడుగులో ఒక్క మార్పు చాలు: తీసుకునే దారిలో స్థానం + 1 బదులు స్థానమే ఉంచండి. అదే సైజు మళ్ళీ దొరుకుతుంది. అయితే ‘మిగిలిన మొత్తం’ షరతు ఇక్కడ పనికిరాదు, తీసెయ్యండి. సైజుల్లో 0 ఉందంటే ప్రోగ్రాం అంతులేకుండా తనను తానే పిలుచుకుంటూ పోతుంది.

లెక్క మాత్రమే చాలంటే పట్టిక పద్ధతి:

– దారులు [0] = 1, మిగిలినవన్నీ 0
– ప్రతి బస్తా సైజుకూ:
– – కిలోలు, సైజు నుంచి 500 దాకా పెంచుకుంటూ:
– – – దారులు [కిలోలు]కు దారులు [కిలోలు − సైజు] కలుపు

దారులు [500] 4 రావాలి. 26 కిలోల బస్తాలు 0, 5, 10, 15 అయినప్పుడు 10 కిలోల సంచులు 50, 37, 24, 11.

ఇక్కడ చాలామంది చేసే తప్పు రెండు చుట్లనూ తారుమారు చేయడం. కిలోల చుట్టు బయటా సైజుల చుట్టు లోపలా పెడితే, 5 తరువాత 10, 10 తరువాత 5 వేరువేరని లెక్కిస్తుంది. 5, 10 సైజులతో 15 కిలోలకు 2 రావాలి. 3 వచ్చిందంటే చుట్లు తిరగబడ్డాయి.

ఇదే పట్టికను బిల్లులకు వాడాలంటే లోపలి చుట్టును పైనుంచి కిందికి, జమ నుంచి బిల్లు విలువ దాకా తగ్గించుకుంటూ నడపాలి. పెంచుకుంటూ పోతే ఒకే బిల్లును రెండుమూడు సార్లు వాడేస్తుంది. పైసల్లో 1,01,250 అంటే 1,01,25,000 గూళ్ళు. మన ఎనిమిది బిల్లులూ 50 రూపాయలతో, అంటే 5,000 పైసలతో భాగించబడతాయి కాబట్టి భాగించేస్తే 2,025 గూళ్ళే చాలు.

10. బిల్లులు 40 దాకా ఉంటే

40 బిల్లులకు కాంబినేషన్లు 1,09,951 కోట్ల పైన. కొట్టివేతలు ఎంత బాగున్నా ఒక్కోసారి గంటలు పడుతుంది. జాబితాను 20, 20గా రెండు సగాలు చేసి, ఒక్కో సగంలో వచ్చే 10,48,576 మొత్తాలు తయారుచేయండి. మొదటి సగాన్ని ‘మొత్తం నుంచి కాంబినేషన్లకు’ డిక్షనరీలో పెట్టండి. రెండో సగంలో ప్రతి మొత్తానికీ, జమలోంచి దాన్ని తీసేస్తే వచ్చేది డిక్షనరీలో ఉందా అని చూడండి. కాంబినేషన్లను జాబితాలుగా దాస్తే మెమరీ నిండిపోతుంది. ఒక్కో బిల్లుకు ఒక్కో బిట్ చొప్పున ఒకే పూర్ణ సంఖ్యగా దాయండి.

ఇది వేగంగా నడుస్తుంది, అయినా 4వ అడుగు భాగహారం మారదు. 40 బిల్లులు, మొత్తం 8 లక్షలు, అన్నీ రూపాయలైతే ఒక్కో అంకెకు సగటున 13 లక్షల పైన జవాబులు. బిల్లుల పనికి ఈ పద్ధతి వాడే ముందు తేదీలతో జాబితా తగ్గించడమే నా సలహా.

కోడ్ రాయలేనివాళ్ళు ఎక్సెల్‌లో సాల్వర్ వాడొచ్చు. బిల్లుల పక్క నిలువు వరుసలో 0 లేదా 1 వచ్చేలా బైనరీ షరతు పెట్టండి. రెండు వరుసలకూ సమ్‌ప్రొడక్ట్ సూత్రం రాసి, అది జమకు సమానం కావాలని చెప్పండి. ఆప్షన్లలో ఇంటీజర్ ఆప్టిమాలిటీని 0 చేయండి. 200 గడుల దాకా తీసుకుంటుంది. కానీ ఒక్క జవాబే ఇచ్చి ఆగిపోతుంది. మన ఉదాహరణలో అది 55,300 ఉన్నదాన్ని చూపిస్తే, రెండోది ఉందని మీకు తెలిసే దారే ఉండదు.

11. వచ్చినవాటిలో నిజమైనది ఏది?

మన ఎనిమిది బిల్లుల జమ 7వ బిల్లు తరువాత, 8వ బిల్లుకు ముందు పడిందనుకోండి. 2వ అడుగులో చెప్పినట్టు 8వ బిల్లును ముందే తీసేసి ఉంటే 17,300 ఉన్న జవాబు పుట్టేదే కాదు. 1, 3, 4 బిల్లులదే మిగిలేది.

తేదీతో తేలకపోతే మార్కులు వేయండి. ఎంచిన ప్రతి బిల్లుకూ, దానికంటే పాతదై కూడా వదిలేసిన బిల్లులు ఎన్నో లెక్కించి అన్నీ కూడండి. ఎంత తక్కువైతే అంత నమ్మదగింది. 1, 3, 4 జవాబుకు 2 వస్తుంది, మధ్యలో 2వ బిల్లు వదిలినందుకు. 2, 5, 7, 8 జవాబుకు 12. 5, 6, 7, 8కి 16. తక్కువ మార్కులున్నది పైన కనిపించేలా పేర్చండి.

రెండు జవాబులు దగ్గరదగ్గర మార్కులతో ఉంటే ప్రోగ్రాంతో తేల్చకండి. రైతుకు రెండు జాబితాలూ చదివి వినిపించి అడగండి. ‘ఏ బిల్లులకు కట్టారు’ అంటే చెప్పలేని మనిషి, ‘జూన్ మొదటి వారం 42,600 బిల్లు కట్టేశారా’ అంటే వెంటనే చెబుతాడు. తేలేదాకా ఆ సొమ్మును ఖాతాలో విడిగా ఉంచండి. తప్పు బిల్లుకు కట్టి మూసేస్తే వచ్చే నెల జమలన్నీ తప్పుతాయి.

12. వాడకముందు పరీక్షలు

- ఎనిమిది బిల్లులు, 1,01,250: విలువ దూకుడు లేకుండా 3, ఉంటే 2.
- అవే బిల్లులు, 2,21,250: ఒక్కటే, అన్ని బిల్లులూ.
- అవే బిల్లులు, 37,500: రెండు 18,750లూ ఉన్న జవాబు రావాలి.
- అవే బిల్లులు, 1,01,260: 50తో భాగించబడదు, వెతకకుండానే ‘లేదు’ అనాలి.
- ఖాళీ జాబితా: తప్పు సందేశం లేకుండా ‘లేదు’.
- ప్రతి జవాబునూ మళ్ళీ కూడి జమతో పోల్చే లైను ప్రోగ్రాంలోనే ఉండాలి.

జవాబులు 50 దాటినా, సమయం 10 సెకన్లు దాటినా ఆపేసి ‘ఇంకా ఉన్నాయి’ అని చెప్పే ఏర్పాటు కూడా పెట్టండి.

13. ఒక్క జవాబూ రాకపోతే

ఈ వరసలోనే చూడండి, ముందున్నవే ఎక్కువగా దొరుకుతాయి.

1. బిల్లుల మొత్తం లెడ్జర్ బాకీతో కలుస్తోందా? జాబితాలో ఒక బిల్లు లేకపోవడమే మొదటి అనుమానం.
2. పాత సంవత్సరం నుంచి వచ్చిన ఓపెనింగ్ బాకీ ఒక అంకెగా జాబితాలో ఉందా?
3. వాపసు చీటీలు, డిస్కౌంట్లు మైనస్‌గా చేరాయా?
4. ఒక బిల్లుకు ఇంతకుముందే కొంత కట్టి ఉన్నారా? పూర్తి అంకె కాకుండా మిగిలిన అంకె పెట్టాలి.
5. అదే రోజు అదే ఖాతా నుంచి ఇంకో జమ ఉందా? యూపీఐ పరిమితి వల్ల ఒకే చెల్లింపును రెండు ముక్కలుగా పంపి ఉండొచ్చు. రెండూ కలిపి వెతకండి.
6. అన్నదమ్ముల ఖాతాలు రెండిటి బిల్లులూ కలిపి కట్టారా? రెండు జాబితాలూ కలిపితే 4వ అడుగు భాగహారం మళ్ళీ చేయాలి.
7. ఆఖరున 1 రూపాయి హద్దుతో, తరువాత 10 రూపాయల హద్దుతో నడపండి.

ఏడూ అయ్యాక కూడా ఏమీ రాకపోతే అది ఏ బిల్లులకూ సరిగ్గా కట్టిన సొమ్ము కాదు. పాత బిల్లు నుంచి జమకట్టుకుంటూ వచ్చి, సగంలో ఆగిన బిల్లు మీద ఎంత మిగిలిందో రాసిపెట్టండి. వచ్చే జమకు ఆ మిగిలిన అంకే జాబితాలోకి వెళ్తుంది.